గోడ మీది కోటు

ముందే చెప్పేస్తున్నాను, నాకు వీడియో గేములంటే ఒళ్ళు మంట. మా తమ్ముడి కూతురు ఆ డబ్బాని ఇంట్లోకి మోసుకొచ్చిన రోజు నేను చేసిన గొడవ వీధి చివరిదాకా వినబడిందట. దాని స్నేహితురాలెవరో కొత్తది వచ్చిందని పాతది దీనికి ఇచ్చేసింది. "ఊరికే ఇచ్చారని తెచ్చి మా నెత్తిన పెడతావా? చదువూ సంధ్యా లేదా నీకు?" అని అరిచాను. అది నా అరుపుల్ని ఎప్పుడు ఖాతరు చేసింది గనక. మూతి మూడు వంకర్లు తిప్పి, తీగలు తగిలించుకుంటూ కూర్చుంది.

ఆ పిల్లని మేం గుండీ అంటాం. మాది దర్జీ కొంప, మరి పేర్లు అలాగే ఉంటాయి. పుట్టినప్పుడు దాని మొహం గుండ్రంగా, మధ్యలో రెండు కళ్ళతో అచ్చం కోటు గుండీలాగే ఉండేది. "గుండీ పుట్టింది, ఇక కాజా కోసం వెతుక్కోవాలి" అన్నాడు మా తమ్ముడు ఆసుపత్రిలోనే. మరదలు పక్క మీంచి దిండు విసిరింది.

కింద దుకాణం, పైన ఇల్లు. తమ్ముడు కటింగ్ మాస్టర్. గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తిరించి నాకిస్తాడు. నేను మిషను మీద కుడతాను. మరదలికి మా పని అంటదు. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవడు తలుపు దగ్గర వేలాడాడో, ఎవరు ఎవరి కాలు తొక్కారో చేతులు తిప్పుతూ చెబుతుంటే తమ్ముడు కత్తెర పక్కన పెట్టి మరీ వినేవాడు.

మా నాన్న రోజులనుంచీ మా దుకాణంలో ఒక పద్ధతుంది. గీసినవాణ్ణి కుట్టేవాళ్ళు మెచ్చుకోకూడదు. గిరాకీ తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఒకసారి పక్కకి తిరిగి చూసుకుని నవ్వాలి. అదే మెచ్చుకోలు. అంతకుముందు నోరు జారితే బట్టకి దిష్టి కొట్టినట్టే అనేవాడు నాన్న. నాకా పద్ధతి బాగా నచ్చింది. ఎందుకంటే నాకు మెచ్చుకోవడం చేతకాదు. తిట్టమంటే పొద్దుణ్ణించి సాయంత్రందాకా తిడతాను.

"అక్కా, నీ నోట శభాష్ అనిపించుకోకుండా మాత్రం నేను పోను" అనేవాడు వాడు, చంక దగ్గర గుండ్రం గీసి గుడ్డ నావైపు తోస్తూ.

"అయితే నిండు నూరేళ్ళూ బతుకుతావురా" అనేదాన్ని నేను.

అలా అన్నాను. ఒకసారి కాదు, వందసార్లు అనుంటాను.

మొదట సుద్ద జారింది. వాడు నవ్వి, వంగి తీసుకున్నాడు. మళ్ళీ జారింది. తర్వాత కత్తెర బరువెక్కువైందన్నాడు. కత్తెరకి సాన పట్టించాను, పిచ్చిదాన్ని. డాక్టర్ల చుట్టూ తిరగ్గా తిరగ్గా ఆఖరికి ఒకాయన తేల్చి చెప్పాడు. కండరాలు ఒకదాని తర్వాత ఒకటి పని మానేస్తాయట. ముందు వేళ్ళు, చేతులు, ఆపైన కాళ్ళు, మాట, చివరికి ఊపిరి. బుద్ధి మాత్రం చెక్కుచెదరదట. ఆ చివరి ముక్కని అదేదో శుభవార్త అయినట్టు చెప్పాడు మహానుభావుడు.

దుకాణానికి రోజుకూలీ మీద ఒక కట్టర్‌ని పెట్టుకున్నాం. వాడు బాగానే గీస్తాడు, కాదనను. నాకు మాత్రం వాడి గుడ్డ మిషను మీద పెడితే ఏడుపొచ్చేది. తమ్ముడు పై గదిలో కుర్చీలో కూర్చుని, కింద కత్తెర చప్పుడు వింటూ ఉండేవాడు. ఒకరోజు మెట్లెక్కి పైకెళ్తే, వాడు ఒళ్ళో ఉన్న దుప్పటి మీద చూపుడు వేలితో ఏదో గీస్తున్నాడు. వేలు రెండంగుళాలు కూడా కదల్లేదు.

"ఏంట్రా అది?"

"కాలర్" అన్నాడు. "కుడివైపు రావట్లేదు."

నేను కిందికి వచ్చేసి స్టోరు గదిలో కూర్చుని ఏడ్చాను.

గుండీ ఆ గేమ్ డబ్బా తెచ్చింది ఆ రోజుల్లోనే. అందులో ఒక ఎలుగుబంటి రంగు డబ్బా పట్టుకుని ఊళ్ళో గోడలకి బొమ్మలేస్తూ తిరుగుతుంది. ఇదీ ఆట. పెన్ను లేదు, మౌస్ లేదు. చేతిలో పొట్టి పుల్లలాంటిదొకటి పట్టుకోవాలి, వీపు దురద గోక్కునే కర్రంత ఉంటుంది. దాని మీద బొత్తాం నొక్కి గాల్లో ఎటు తిప్పితే తెర మీద గీత అటు పడుతుంది. వంచితే గీత సన్నబడుతుంది, విదిలిస్తే రంగు మారుతుంది.

గుండీ ఆ పుల్లతో ఎలుగుబంటి చెప్పినట్టు ఎప్పుడూ ఆడలేదు. దుకాణం తలుపుకి కట్టింది. గిరాకీ వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా ఒక గీత. సాయంత్రానికి తెర నిండా విసనకర్రలాంటి బొమ్మ తయారైంది. "ఇవాళ్టి గిరాకీ అత్తా" అంది. ఇంకోరోజు నేను చూడకుండా నా మిషను పెడలుకి కట్టింది. నేను ఒక ప్యాంటు కుట్టి లేచేసరికి తెర మీద ఉండలు చుట్టిన దారంలాగా ఏదో కనబడింది. "ఇది నీ కోపం" అంది. తమ్ముడు పగలబడి నవ్వాడు. అప్పటికింకా నవ్వగలిగేవాడు.

తర్వాత అది పుల్లని వాళ్ళ నాన్న మణికట్టుకి కట్టింది.

సుద్ద పట్టుకోనక్కర్లేదు, ఒత్తనక్కర్లేదు. మణికట్టు కాస్త తిరిగితే చాలు. వాడు తెరవైపు కాసేపు చూశాడు. మెల్లిగా ఒక గీత లేచింది. వంపు తిరిగింది. వణుకుతూ వణుకుతూ కిందికొచ్చింది. మగవాళ్ళ చొక్కా చంక గుండ్రం. ఎలుగుబంటి ఆ గోడ ముందు నిలబడి చప్పట్లు కొట్టింది.

"చూశావా, ఎలుగుబంటికున్నపాటి మర్యాద నీకు లేదు" అన్నాడు నాతో.

"కోడి గెలికినట్టుంది" అన్నాను.

ఆ రోజునుంచి వాడు మళ్ళీ పనిలో పడ్డాడు. చేతి పని కాదు, ఒంటి పని. మణికట్టు పోతే పుల్లని మోచేతికి కట్టింది గుండీ. మోచెయ్యి పోతే పాదానికి. పాదం పోయాక నేనొక టోపీ కుట్టాను, పక్కన పుల్ల పట్టేట్టు చిన్న జేబు పెట్టి. తల కాస్త తిప్పితే గీత. బొత్తాం నొక్కడానికి వేలు లేదు కదా, అందుకని గుండీ బొత్తాం మీద రబ్బరు బ్యాండు చుట్టేసింది. ఆపాలంటే వాడు కళ్ళు గట్టిగా మూసుకుంటాడు, గుండీ బ్యాండు తీసేస్తుంది.

ఆ పుల్లకొక జబ్బుంది. కదపకుండా పెట్టినా తెర మీది చుక్క ఒకచోట నిలవదు. చీమ నడిచినట్టు నిలువునా కిందికి జారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను హడలిపోయాను, దయ్యమనుకుని.

"జారుతుందత్తా, దాని స్వభావమే అంత" అంది గుండీ. "మధ్యలో ఉన్న ఈ బొత్తాం నొక్కితే మళ్ళీ దాని చోటికొస్తుంది."

"అయితే నాలాంటిదే పాపం" అన్నాడు తమ్ముడు. "నాకూ పెట్టించరాదూ ఒక బొత్తాం?"

వాడి కదలిక తగ్గేకొద్దీ గుండీ ఆట లోపల ఏవో అంకెలు మార్చి పుల్లకి చురుకు పెంచింది. వాడి తల గోరంత కదిలితే తెర మీద మూరెడు గీత వచ్చేలా చేసింది. చురుకు పెరిగేకొద్దీ జారుడూ పెరిగింది. వాడు గీస్తున్నంతసేపూ అది పక్కనే కూర్చుని, మాటిమాటికీ మధ్య బొత్తాం నొక్కుతూ ఉండేది.

మాట ముద్దముద్దగా అవుతున్న రోజుల్లో ఒక ఉదయం వాడు నన్ను పిలిచాడు. "గుండీకి కోటు" అన్నాడు.

"ఉన్నాయిగా రెండు."

"ఇప్పటికి కాదు. పెద్దయ్యాక."

నాకర్థమైంది. అర్థమైంది కాబట్టే కసిరాను. "పెద్దయ్యాక అది ఎంత పొడుగవుతుందో, ఎంత లావవుతుందో నీకేం తెలుసు? గుడ్డ దండగ."

"వెనక్కి తిరుగు" అన్నాడు.

తిరిగాను. వాడు నా వీపుని చాలాసేపు చూశాడు. "నీ భుజాలే వస్తాయి దానికి."

"దానికెందుకురా నా భుజాలు? మూటలు మొయ్యడానికా?"

"బాగుంటాయి నీ భుజాలు. పొడుగు మోకాలి కిందికి. లైనింగు ఎర్రది."

మా ఇంట్లో అంతకుముందు నా భుజాల గురించి ఎవరూ మాట్లాడలేదు.

దుకాణంలో ఎప్పటినుంచో దాచిన ఉన్ని గుడ్డ ఒకటుంది. లేత బూడిద రంగు. ఎంతమంది అడిగినా అమ్మలేదు. అది తీసి ఇస్త్రీ చేసి పైకి తెచ్చాను. తెర మీద గీస్తే కోటు ఎలా వస్తుందని అడుగుతారేమో. ఆ ఉపాయం కూడా గుండీదే. మా పక్క వీధి ఫొటో స్టూడియో ఆయన దగ్గర ప్రొజెక్టరు ఉంది. ఆయన పెళ్ళి కోటు మా తమ్ముడే గీశాడు, అడగ్గానే మోసుకొచ్చి పెట్టాడు. గుడ్డని రెండు మడతలేసి గోడకి పిన్నులతో బిగించాం. ఎలుగుబంటి ఆటలో తెల్ల గోడ ఒకటి ఎంచుకుని, దాన్ని సరిగ్గా ఆ గుడ్డ మీద పడేట్టు పెట్టాం. గోడకి కొలత టేపు వేలాడదీసి, గుడ్డ మీద పడే గీత పొడుగు దానితో సరిపోయేదాకా ప్రొజెక్టరుని వెనక్కీ ముందుకీ జరిపాం. కిటికీలకి నల్ల లైనింగు గుడ్డ కట్టాం. తమ్ముడు తల తిప్పితే గుడ్డ మీద వెలుగు గీత నడిచేది. నేను గోడ ముందు నిలబడి, నీలం సుద్దతో ఆ వెలుగు వెంటే గీసుకుంటూ పోయేదాన్ని.

మొదటి రోజు పెద్ద గొడవైంది. వాడి గీతలో వంపులొచ్చేవి. ఊపిరి తీసినప్పుడల్లా తల ఇసుమంత పక్కకి కదిలేది, ఆ కదలిక గీతలోకి వచ్చేసేది. ఒక ఊపిరికి ఒక వంపు. నేను సుద్దతో గీస్తూ గీస్తూ ఆ వంపుల్ని సాపు చేసేశాను, చేసేదే కదా. వెనకనుంచి వాడు గొంతులో గురగురమన్నాడు. అప్పటికి మాట పూర్తిగా పోయింది. తిరిగి చూస్తే కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు గీసింది నీ గీత అంటున్నాడు" అంది గుండీ. దానికి వాళ్ళ నాన్న కళ్ళ భాషంతా వచ్చు. "తన గీత ఉన్నదున్నట్టు గియ్యమంటున్నాడు."

"ఇలా వంకరటింకర్లుగా కోస్తే కోటవుతుందా, సముద్రమవుతుందా?"

వాడు కళ్ళు పైకి తిప్పాడు. అంటే నీ మొహం అని. అది చెప్పడానికి నాకు గుండీ అక్కర్లేదు.

"కోసేటప్పుడు నువ్వు సాపు చేసుకో, గీసేటప్పుడు ముట్టుకోకు అంటున్నాడు."

సరే, అలాగే గీశాను. సుద్ద గీత నిండా వాడి ఊపిరే. వీపు భాగం అయింది. చేతులయ్యాయి. కాలర్ కోసం వాడు చెమటలు కక్కాడు, అయినా అయింది. వాడు అలసిపోయినప్పుడల్లా ఆపేసేవాళ్ళం. మధ్యలో మరదలు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే తలుపుకి ఆనుకుని చూసేది. "ఇదెప్పుడు తొడుక్కుంటుందో అది" అని ఒకసారి అంది. వాడు రెప్ప ఒకసారి వేశాడు, అంటే ఔను అని. దేనికి ఔనన్నాడో ఇప్పటికీ తెలీదు.

ఇక ముందు భాగం మిగిలింది. అందులోనూ భుజం, చంక, పక్క గీత అయిపోయాయి. గుండీలు వచ్చే ముందువైపు అంచు ఒక్కటే బాకీ. మెడ గుంట దగ్గర మొదలై నిలువుగా మోకాలి కిందిదాకా దిగే గీత. కోటులో అన్నిటికంటే సులువు. అందుకే చివరికి వదిలాడు.

ఆ ఉదయం గుండీ బడికి వెళ్తూ, "నేను వచ్చేదాకా ఆగండి. మీ ఇద్దరే మొదలెట్టకండి" అంది.

"అలాగే తల్లీ, వెళ్ళు" అన్నాను.

అది వెళ్ళాక వాడికి సూపు పట్టాను. రెండు చెంచాలు దిగింది, మూడోది పక్కకి కారింది. మొహం తుడిచాను. వాడు నావైపు చూసి, గోడవైపు చూశాడు. మళ్ళీ నావైపు, మళ్ళీ గోడవైపు.

"గుండీ రానీరా."

కళ్ళు గోడ మీంచి తియ్యలేదు. ఆ చూపులో తొందర ఉంది. నాకు మాత్రం ఎక్కడిది ఓపిక? ఒక్క గీత, అదీ తిన్నటిది, దానికోసం సాయంత్రందాకా ఎందుకనుకున్నాను. కిటికీలు మూశాను. మెడ కింద నేను కుట్టిన దిండు సర్దాను, తల అటూ ఇటూ వాలకుండా. టోపీ పెట్టాను. మధ్య బొత్తాం నొక్కి, రబ్బరు బ్యాండు చుట్టాను. "కానీ" అని గోడ దగ్గరికి వెళ్ళి సుద్ద పట్టుకుని నిలబడ్డాను. నా వీపు వాడివైపు. ప్రొజెక్టరు ఫ్యాను రొదలో ఇంకేం వినబడదు.

మెడ గుంట దగ్గర వెలుగు చుక్క కదిలింది. కిందికి దిగడం మొదలెట్టింది. నేను వెంటబడ్డాను. చిన్న వంపు, మళ్ళీ చిన్న వంపు. ఛాతీ దగ్గరకి వచ్చాం. నేను అలవాటుగా వాగుతూనే ఉన్నాను. కింద కొత్త కట్టర్ ఎవరిదో జేబు తలకిందులుగా కోశాడని చెప్పాను. మీ ఆవిడ నిన్న రాత్రి కూడా నిద్రలో టికెట్ టికెట్ అందని చెప్పాను. గీత దిగుతూనే ఉంది.

నడుం దాటాక చూద్దును కదా, గీత తేటపడింది. వంపుల్లేవు. వణుకు లేదు. తాడు కట్టి వదిలినట్టు, నిట్టనిలువుగా, శుభ్రంగా దిగుతోంది. ఇలాంటి గీత వాడి చేతులు బాగున్నప్పుడు గీసేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న పద్ధతీ, దిష్టీ, అన్నీ గాలికి పోయాయి.

"ఇదిరా గీతంటే!" అన్నాను. "శభాష్! శభాష్‌రా తమ్ముడూ!"

అనేసి, సిగ్గేసి, వెనక్కి తిరక్కుండానే, "విన్నావుగా? అన్నాను. నువ్వే గెలిచావు, సరేనా? ఇక దీన్ని పట్టుకుని నెత్తినెక్కకు" అన్నాను. వాడి గొంతులో గురగుర వస్తుందని చూశాను. ఫ్యాను రొదలో వినబడలేదేమో అనుకున్నాను.

గీత మోకాలి దగ్గరకి వచ్చింది. దాటింది.

"చాల్లేరా, మోకాలి కిందికన్నావు, వచ్చేసింది. కళ్ళు మూసుకున్నావా? ఆపనా?"

దిగుతూనే ఉంది.

"నేలదాకా కుట్టమంటావా ఏంటి? అది వీధులూడ్చుకుంటూ తిరగాలా?"

వెలుగు గీత గుడ్డ అంచుకి వచ్చింది. గుడ్డ దాటింది. గోడ మీదికి దిగి, సున్నం మీంచి నేలవైపు పోతోంది.

వాడు పుట్టి బుద్ధెరిగాక గుడ్డ దాటి గీత గియ్యలేదు. సుద్ద ఎంత వేగంగా లాగినా అంచు దగ్గర దానంతటదే ఆగేది. నా చేతిలోంచి సుద్ద పడిపోయింది. తిరిగాను.

కళ్ళు సగం తెరిచి గోడవైపే చూస్తున్నాడు. దిండు వాడి తలని తిన్నగా పట్టుకునే ఉంది. అంత బాగా కుట్టాను దాన్ని.

అప్పుడు నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టలేదు, పేరు పెట్టి పిలవలేదు. వెళ్ళి టోపీ పక్కనున్న మధ్య బొత్తాం నొక్కాను. గోడ మీద చుక్క మళ్ళీ మధ్యకొచ్చింది. నెమ్మదిగా జారడం మొదలెట్టింది. మళ్ళీ నొక్కాను. వచ్చింది. జారింది. ఎంతసేపు అలా నొక్కానో తెలీదు. కింద నుంచి కట్టర్ వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

మరదలు డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది. భుజాన సంచీ తియ్యకుండానే వాడి పక్కన కూలబడింది. "వదినా, ఏమన్నా బాధపడ్డాడా?" అని అడిగింది. లేదన్నాను. నాకేం తెలుసు, నా వీపు కదా అటున్నది. గుండీని బడినుంచి స్టూడియో ఆయన తీసుకొచ్చాడు. అది నన్నేమీ అనలేదు. "ఆగమన్నాగా" అని ఒక్క మాట అని ఉంటే నాకు ఎంతో బాగుండేది.

వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు. గోడ మీద గుడ్డ అలాగే ఉంది. ప్రొజెక్టరు తిరిగిచ్చేశాం, వెలుగు పోయింది, నా నీలం సుద్ద మిగిలింది. ఆ గది ఊడుస్తానని ఎవరొచ్చినా కసిరేదాన్ని. నేను మాత్రం ఆ గోడవైపు చూడకుండా వచ్చి, చూడకుండా వెళ్ళేదాన్ని. నాకు ఒక్కటే కావాలి. నేను శభాష్ అన్నప్పుడు వాడున్నాడా, లేడా? విన్నాడా, లేదా? ఇన్నేళ్ళు నోరు కట్టుకుని కట్టుకుని, అన్నది వాడికా, ఆ దిక్కుమాలిన పుల్లకా?

కుట్టుపనిలో ఇంత వయసొచ్చినదాన్ని. గీత చూస్తే ఏ చెయ్యి గీసిందో చెప్పగలను. దగ్గరికెళ్ళి ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. అందుకే వెళ్ళలేదు.

ఒక సెలవు రోజు నేను మెట్లెక్కేసరికి గుండీ ఆ గోడ ముందు నిలబడి ఉంది. ముక్కు గుడ్డకి ఆనేంత దగ్గరగా పెట్టి, మెడ గుంట దగ్గర్నుంచి వేలితో గీత వెంట దిగుతోంది. పెదాలు కదులుతున్నాయి. వంపు వంపుకీ ఆగి, మళ్ళీ దిగుతోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వద్దే, అందామనుకున్నాను.

నడుంకి కాస్త పైన దాని వేలు ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇక్కడిదాకా నాన్న" అంది, వెనక్కి తిరక్కుండా. నేను వచ్చానని దానికెలా తెలిసిందో.

నేను దగ్గరికి వెళ్ళాను. దాని వేలి పైన వంపులున్నాయి. కింద లేవు. నేను ఏ గీత చూసి మురిసిపోయానో అది దాని వేలి కింద మొదలవుతోంది.

"నువ్వు నాన్నని శభాష్ అన్నావట కదత్తా. అమ్మతో చెబుతుంటే విన్నాను" అంది. "ఎక్కడన్నావు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. దాని వేలికి కింద, నడుం దాటాక, నా వేలు పెట్టాను. మా ఇద్దరి వేళ్ళ మధ్య జానెడు గుడ్డ.

గుండీ ఆ జానెడునీ చూసింది. నా మొహంవైపు చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. మళ్ళీ గుడ్డవైపు తిరిగి, కళ్ళు చిట్లించి, ఏదో పరీక్షగా చూస్తున్నట్టు నటించింది. తర్వాత తన వేలిని ఆ నున్నటి గీత మీంచి మెల్లిగా కిందికి జరిపింది. జరుపుతూ జరుపుతూ తెచ్చి నా వేలికి ఆనించింది.

"కాదులే అత్తా. సరిగ్గా చూడలేదు. ఇక్కడిదాకా నాన్నే" అంది. "ఇక్కడ కూడా ఉన్నాయి వంపులు. చిన్నచిన్నవి. నీకు కళ్ళద్దాలు లేవుగా, కనబడవు."

దానికి అబద్ధం ఆడటం రాదు. చెవులు ఎర్రబడిపోతాయి. వాళ్ళ నాన్నకీ అంతే.

"ఔనే, ఉన్నాయి" అన్నాను.

ఇద్దరం కలిసి పిన్నులు తీశాం. గుడ్డని బల్ల మీద పరిచాను. మెడ దగ్గర్నుంచి మోకాలి కిందిదాకా ఆ గీత మీదే కత్తెర పెట్టాను. పై వంపుల్ని సాపు చెయ్యమన్నాడు వాడు. చెయ్యలేదు.